చిన్న విమానానికి చేతి రేడియో: ఏది కొనాలి, ఎలా వాడాలి

సెస్నా 172 వంటి నాలుగు సీట్ల విమానంలో ప్యానెల్ మీద సాధారణంగా రెండు రేడియోలు ఉంటాయి. ఒకటి మొరాయిస్తే రెండవది ఉందన్న ధీమాతో ఎగిరే పైలట్లు తరచుగా మరచిపోయే సంగతి ఏమిటంటే, ఆ రెండింటికీ కరెంటు వచ్చేది ఒకే ఆల్టర్నేటర్ నుంచి, ఒకే బ్యాటరీ నుంచి. ఆల్టర్నేటర్ ఆగిపోయినంత మాత్రాన ఇంజన్ ఆగదు. మాగ్నెటోలు తమకు కావలసిన నిప్పురవ్వను తామే పుట్టించుకుంటాయి కనుక ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. రేడియోలు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానాన్ని గుర్తుపట్టించే పరికరం), దీపాలు, ఫ్లాప్‌లు (దిగేటప్పుడు రెక్కల వెనుక అంచున కిందికి వాలే పలకలు) మాత్రం బ్యాటరీలో మిగిలిన కాసింత శక్తి మీద కాసేపు నడిచి, అది కాస్తా అయిపోగానే ఒకదాని వెంట ఒకటి ఆగిపోతాయి. విమానపు కరెంటుతో సంబంధం లేని చేతి రేడియో అవసరం అక్కడ మొదలవుతుంది.

నాకు ఆ అవసరం ఉత్తర టెక్సస్‌లో ఒక నవంబరు రాత్రి ఎదురైంది. ఓక్లహోమా వైపు నుంచి తిరిగి వస్తుండగా అద్దె విమానంలో తక్కువ వోల్టేజీని సూచించే దీపం వెలిగింది. బ్రేకర్ నొక్కి చూసినా, ఆల్టర్నేటర్ స్విచ్చి ఒకసారి ఆపి మళ్ళీ వేసినా అది ఆరలేదు. చేతి రేడియో నా దగ్గర ఉంది, కానీ వెనుక సామాను అరలో, జాకెట్ల కింద, సంచీ అడుగున ఉంది. పక్క సీటులోని మిత్రుడు బెల్టు విప్పి, వెనక్కి వంగి, తడుముకుని దాన్ని బయటికి తీసేసరికి పది నిమిషాలు పట్టింది. హెడ్‌సెట్‌ను దానికి తగిలించే అడాప్టర్ తీగ ఇంట్లో సొరుగులో భద్రంగా ఉంది. ఇంజన్ హోరులో ఆ చిన్న స్పీకరు పలికిన మాట ఒక్క ముక్క కూడా తెలియలేదు. బ్యాటరీ గుర్తులో మూడు గీతలకు ఒకటే మిగిలింది. అంత ఖరీదు పెట్టి కొన్న పరికరం ఆ రాత్రి నాకు మాట్లాడటానికి పనికిరాలేదు, దీపాలు వెలిగించుకోవడానికి పనికొచ్చింది.

అమెరికాలో టవర్, అంటే విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం, లేని చాలా విమానాశ్రయాల్లో రన్‌వే దీపాలను పైలటే గాలిలో నుంచి వెలిగించుకునే ఏర్పాటు ఉంటుంది. నిర్ణీత ఫ్రీక్వెన్సీ మీద 5 సెకన్లలో 7 సార్లు మైకు మీట నొక్కితే దీపాలు పూర్తి కాంతితో, 5 సార్లు నొక్కితే మధ్యస్థంగా, 3 సార్లు నొక్కితే మందంగా వెలిగి 15 నిమిషాల పాటు ఉంటాయి. ప్యానెల్ రేడియో చచ్చిన రాత్రి ఆ మీట చేతి రేడియో మీద మాత్రమే ఉంటుంది. యాంటెన్నాను పక్క కిటికీ అద్దానికి ఆనించి నొక్కితే మొదటి రెండు ప్రయత్నాలకు ఏమీ కాలేదు. ఇంకొన్ని మైళ్ళు దగ్గరకు వచ్చాక నొక్కితే చీకట్లో రెండు వరుసల దీపాలు లేచాయి. తరువాత నేను ఆ రేడియోను అమ్మి వేరొకటి కొన్నాను గానీ, నిజానికి తప్పు రేడియోది కాదు. కొనేటప్పుడు నేను చూసింది జీపీఎస్ ఉందా, తెర ఎంత పెద్దది, ఎన్ని ఫ్రీక్వెన్సీలు గుర్తుంచుకుంటుంది అన్న సంగతులు. చూడవలసినవి వేరే ఉన్నాయి: చెవికి ఎలా వినిపిస్తుంది, యాంటెన్నా ఎక్కడ ఉంటుంది, ఏడాదిలో ఏ రోజున తీసినా బ్యాటరీ బతికి ఉంటుందా. ఈ వ్యాసంలో పోలికంతా ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

మొదట తేల్చుకోవలసింది మీకు అది ఎందుకు కావాలన్న ప్రశ్న. అద్దె విమానాల్లో ఎగిరేవారికీ, శిక్షణలో ఉన్న విద్యార్థులకూ అది ఆపద్ధర్మ సాధనం. నెలల తరబడి వాడకుండా సంచీలో ఉండి, ఒక్క రోజున పనిచేయాలి. పైపర్ జే-3 కబ్, ఏరోంకా చాంప్ వంటి పాతకాలపు విమానాలు చాలావాటిలో కరెంటు వ్యవస్థే ఉండదు. గ్లైడర్లదీ బెలూన్లదీ చాలావరకు అదే స్థితి. వారికి చేతి రేడియోయే అసలు రేడియో కాబట్టి అది ప్రతి ప్రయాణంలోనూ గంటల తరబడి పనిచేయాలి. ఈ రెండు అవసరాలకూ ఒకే రేడియో సరిపోదనే నా అభిప్రాయం. మూడో వాడకం నేల మీద: ఇంజన్ వేయకముందే వాతావరణ సమాచార ప్రసారం వినడం, క్లియరెన్స్ (ప్రయాణానికి కంట్రోలర్ ఇచ్చే అనుమతి) రాసుకోవడం. దీనికి ఏ రేడియో అయినా చాలు.

అసలు ఏది విమాన రేడియో కాదో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ప్రశ్న కొత్తవారి నుంచి నాకు తరచుగా వస్తుంది. విమానాల మాటలు 118 నుంచి 136.975 మెగాహెర్ట్జ్ మధ్య, ఏఎమ్ పద్ధతిలో, అంటే తరంగపు బలాన్ని మార్చి మాటను మోసే పద్ధతిలో సాగుతాయి. ఇరవై, ముప్పై డాలర్లకు దొరికే బావోఫెంగ్ యూవీ-5ఆర్ వంటి వాకీటాకీలు తరంగపు ఫ్రీక్వెన్సీని మార్చి మాటను మోసే ఎఫ్ఎమ్ పద్ధతివి. అవి ఎంత శక్తిమంతమైనవైనా టవర్‌కు వినపడవు. ప్రపంచమంతా ఎఫ్ఎమ్‌కు, డిజిటల్‌కు మారిపోయినా విమానయానం ఏఎమ్‌ను వదలకపోవడానికి ఒక మంచి కారణం ఉంది. ఎఫ్ఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సంకేతం రెండవదాన్ని మింగేస్తుంది, రెండవవాడు మాట్లాడాడన్న సంగతి కూడా తెలియదు. ఏఎమ్‌లో రెండు సంకేతాలు ఢీకొని కీచుమంటాయి. ఆ కీచు వినగానే ఎవరో అడ్డుపడ్డారని కంట్రోలర్‌కు తెలిసిపోతుంది. ఐరోపాలో ఎగిరేవారు మరొకటి చూసుకోవాలి. అక్కడ ఒక ఛానెల్‌కూ మరో ఛానెల్‌కూ మధ్య 25 కిలోహెర్ట్జ్ ఎడానికి బదులు 8.33 కిలోహెర్ట్జ్ ఎడం తప్పనిసరి అయింది. అమెరికాలోనూ భారతదేశంలోనూ చిన్న విమానాలకు ఆ ఇబ్బంది లేదు.

శక్తి విషయంలో ప్రకటనలు కొంత కనికట్టు చేస్తాయి. ఐకామ్ ఐసీ-ఏ25 మీద 6 వాట్లు అనీ, యాయేసు ఎఫ్‌టీఏ-550 మీద 5 వాట్లు అనీ కనిపిస్తుంది. ఇవి మాట శిఖరానికి చేరినప్పటి క్షణికమైన లెక్కలు. మాట లేనప్పుడు నిలకడగా వెలువడే వాహక తరంగం శక్తి వరుసగా 1.8, 1.5 వాట్లు మాత్రమే. ప్యానెల్ రేడియోలకు సాధారణంగా చెప్పే 10 వాట్లు ఈ రెండో లెక్కలోనివి. అందువల్ల 6కూ 10కీ తేడా కొంచెమే కదా అనుకోవడం పొరపాటు. అసలు తేడా అయిదున్నర రెట్ల పైమాటే. ఒక చేతి రేడియోకూ మరో చేతి రేడియోకూ మధ్య ఉన్న 5, 6 వాట్ల వ్యత్యాసాన్ని మాత్రం నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. గాలిలో చెవికి అది తెలియదు.

శక్తి కంటే ఎన్నో రెట్లు ముఖ్యమైనది యాంటెన్నా. ఈ ఫ్రీక్వెన్సీల తరంగాలు చూపు వెళ్ళినంత దూరమే వెళతాయి. ఎత్తును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.23తో గుణిస్తే దిగంతం దాకా ఉన్న దూరం నాటికల్ మైళ్ళలో వస్తుంది. 2,500 అడుగుల ఎత్తులో అది సుమారు 61 మైళ్ళు. అంటే ఎత్తే మీకు కావలసిన దూరాన్ని ఇస్తోంది. వాటు, వాటున్నర శక్తి కూడా మంచి యాంటెన్నా ఉంటే అందులో చాలా భాగాన్ని అందుకోగలదు. అయితే రేడియోతో వచ్చే రబ్బరు యాంటెన్నా పొడవు జానెడు. ఇలాంటి యాంటెన్నాకు తగిన పొడవు తరంగ దైర్ఘ్యంలో పావు వంతు, ఈ బ్యాండు మధ్యలో అది దాదాపు 60 సెంటీమీటర్లు. కుదించి చుట్టిన ఆ జానెడు తీగ శక్తిలో చాలా భాగాన్ని వేడిగా పోగొట్టుకుంటుంది. పైగా మీరు కూర్చున్నది అల్యూమినియం డబ్బాలో. తరంగాలు బయటపడటానికి ఉన్న దారులు కిటికీలే. టవర్ మీ తోక వైపు ఉందంటే మీ మాట రెక్కనూ డబ్బానూ దాటి వెళ్ళాలి. అద్దె విమానంలో లోపలి యాంటెన్నాతో అయిదారు మైళ్ళ నుంచి పదీ పన్నెండు మైళ్ళ దాకా అందితే అదే గొప్ప. గుడ్డ తొడుగున్న కబ్ వంటి విమానాల్లో ఈ బాధ కొంత తక్కువ, గొట్టాల చట్రం అడ్డుపడినా డబ్బా అంతగా మూయదు.

సొంత విమానమో, నలుగురు కలిసి కొన్న విమానమో అయితే దీనికి చక్కని పరిష్కారం ఉంది. ప్యానెల్ రేడియో నుంచి పైకప్పు మీది యాంటెన్నాకు వెళ్ళే కోయాక్సియల్ తీగ మధ్యలో ఒక చిన్న జాక్ పెట్టిస్తారు. చేతి రేడియో ప్లగ్గును అందులో గుచ్చగానే ప్యానెల్ రేడియో విడిపోయి, బయటి యాంటెన్నా చేతి రేడియోకు వచ్చేస్తుంది. ఇది పరికరంగా చవకైనదే గానీ, లైసెన్సున్న మెకానిక్ చేత చేయించి లాగ్‌బుక్‌లో నమోదు చేయించాలి. నేను ఇప్పుడు మూడో వంతు వాటాదారుగా ఉన్న పాత విమానంలో ఈ జాక్ ఉంది. నా లెక్కలో చేతి రేడియో మీద రెండు వందల డాలర్లు తగ్గించుకుని ఆ డబ్బుతో ఈ జాక్ పెట్టించుకోవడమే తెలివైన పని. కొనే ముందు రేడియో మీది యాంటెన్నా గూడు ఏ రకమో చూడండి. తిప్పితే బిగుసుకునే బీఎన్‌సీ గూడు అయితే బజారులోని తీగలన్నీ సరిపోతాయి. మరమేకులా తిప్పి బిగించే చిన్న ఎస్ఎమ్ఏ గూడు అయితే మధ్యలో ఒక అడాప్టర్ కావాలి, అది కూడా సంచీలోనే ఉండాలి.

ఇక చెవి విషయం. చిన్న పిస్టన్ విమానం క్యాబిన్‌లో శబ్దం సులభంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. చేతి రేడియో స్పీకరు శక్తి ఒక వాటు కంటే ఎక్కువని ఎంత గొప్పగా రాసినా ఆ హోరులో అది దోమ గీ పెట్టినట్టే. హెడ్‌సెట్ తగలని చేతి రేడియో గాలిలో సగం రేడియో మాత్రమే. విమాన హెడ్‌సెట్లకు రెండు ప్లగ్గులు, లావుది వినడానికి, సన్నది మైకుకు. హెలికాప్టర్లలో ఒక్క ప్లగ్గు. చాలా చేతి రేడియోల మీద ఉండేవి వీటికి సరిపడని సొంత తరహా సన్న గూళ్ళు కనుక ఒక అడాప్టర్ తీగ కావాలి. కొన్ని మోడళ్ళతో అది పెట్టెలోనే వస్తుంది, కొన్నింటికి విడిగా కొనాలి. కంపెనీలు ఒకే మోడల్‌ను రెండు మూడు కట్టలుగా అమ్ముతాయి కనుక ధరలు పోల్చేటప్పుడు ఏ కట్టలో ఏముందో చూడకపోతే చవక అనుకున్నది ఖరీదవుతుంది. స్పోర్టీస్ పీజే2 అన్న రేడియోను నేను మెచ్చుకునేది ముఖ్యంగా ఈ కారణానికే: రెండు ప్లగ్గుల గూళ్ళు దాని ఒంటి మీదే ఉన్నాయి. మరచిపోవడానికి అడాప్టర్ అన్నదే లేదు.

హెడ్‌సెట్ తగిలించాక మాట్లాడే మీట ప్రశ్న వస్తుంది. రేడియో పక్కనున్న మీట నొక్కాలంటే ఒక చేయి దానికే పోతుంది. గాలి కుదుపులో ఒక చేత్తో విమానం నడుపుతూ మరో చేత్తో ఇటుకంత వస్తువు పట్టుకోవడం సుఖమైన పని కాదు. స్టీరింగ్‌కు పట్టీతో చుట్టుకునే విడి మీటను అడాప్టర్‌కు తగిలించే వీలు ఉందో లేదో చూడండి. తీగ మాత్రం స్టీరింగ్ కదలికకు అడ్డుపడకుండా కట్టుకోవాలి. కబ్ వంటి విమానంలో చేతి రేడియోనే అసలు రేడియోగా వాడేవారికి ఈ మీట తప్పనిసరి. మాట్లాడేటప్పుడు మీ గొంతు మీకే హెడ్‌సెట్‌లో వినిపించే సౌకర్యం కొన్నింటిలో మెనూలో దాగి ఉంటుంది. అది ఆపి ఉంటే రేడియో పనిచేయడం లేదనుకుని కంగారు పడతారు. ముందే వెతికి పెట్టుకోండి. బ్లూటూత్ ఉన్న మోడళ్ళు కూడా ఉన్నాయి, ఏ25లో నావిగేషన్ ఉన్న రకమైన ఏ25ఎన్ వాటిలో ఒకటి. తీగ తప్పుతుందన్న ఆకర్షణ ఉన్నా, ఆపదలో బయటికి తీసే పరికరానికి జత కలిపే తతంగాన్ని జోడించడం నాకు నచ్చదు.

బ్యాటరీ దగ్గర రెండు దారులు ఉన్నాయి, ఇక్కడే రెండు రకాల వాడకందార్లు విడిపోతారు. తిరిగి ఛార్జి అయ్యే లిథియం-అయాన్ ప్యాక్ రోజూ వాడేవారికి సరైనది. కంపెనీలు చెప్పే గంటలు సాధారణంగా కాలంలో 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, 90 శాతం మౌనం అన్న లెక్కతో ఉంటాయి. రద్దీగా ఉండే డల్లాస్ పరిసరాల్లో ఎడతెగకుండా మాటలు వినిపిస్తూ ఉంటే ఆ గంటలు గణనీయంగా తగ్గుతాయి. లిథియం-అయాన్‌కు వేడి పడదు. టెక్సస్‌లోనో అరిజోనాలోనో జూలై మధ్యాహ్నం ఎండలో నిలిపిన విమానంలో రేడియోను వదిలేస్తే రెండు మూడేళ్ళకే ప్యాక్ నీరసిస్తుంది.

ఆపద్ధర్మానికి దాచుకునేవారికి నేను సిఫారసు చేసేది సాధారణ ఏఏ సైజు సెల్స్‌తో నడిచే రేడియో, లేదా అలాంటి సెల్స్ అర తగిలే రేడియో. పీజే2 ఈ సెల్స్‌తోనూ నడుస్తుంది, యూఎస్‌బీ-సీ తీగతోనూ కరెంటు తీసుకుంటుంది. ఫోనుకు వాడే పవర్ బ్యాంకే దానికి ఆధారం కావడం చిన్న సౌకర్యమేమీ కాదు. ఎఫ్‌టీఏ-550కి ఏఏ సెల్స్ అర ఉన్న రకం ఉంది. ఆల్కలైన్ సెల్స్ నెలల తరబడి లోపలే ఉంటే కారి, గూడు పాడుచేస్తాయి కనుక వాటికి బదులు ఒకసారి వాడి పారేసే లిథియం ఏఏ సెల్స్ కొనండి. అవి సంవత్సరాల తరబడి నిల్వ ఉంటాయి, చలికి నీరసించవు, తేలికగానూ ఉంటాయి. సెల్స్ అరతో నడిపినప్పుడు కొన్ని రేడియోలు ప్రసార శక్తిని తగ్గించుకుంటాయన్నది నిజమే. అయినా నిండుగా ఉన్న సెల్స్‌తో కొంచెం తక్కువ శక్తి, ఖాళీ ప్యాక్‌తో పూర్తి శక్తి కంటే మేలు.

నావిగేషన్ ఉన్న మోడల్ కావాలా అన్న ప్రశ్నకు నా సమాధానం చాలామందికి వద్దనే. ఏ25ఎన్‌లో, ఎఫ్‌టీఏ-550లో వీఓఆర్ (దిశను తెలిపే నేల మీది రేడియో కేంద్రం) సంకేతాన్ని చదివే ఏర్పాటు ఉంది. వీఓఆర్ తరంగాలు అడ్డంగా ధ్రువణం చెందినవి, మీ రబ్బరు యాంటెన్నా నిలువుగా ఉంటుంది, మీరు లోహపు డబ్బాలో ఉంటారు. ఈ మూడూ కలిసి సూదిని నమ్మకంగా నిలవనివ్వవు. పైగా అమెరికా విమానయాన సంస్థ వీఓఆర్ కేంద్రాలను కనీస సంఖ్యకు తగ్గిస్తూ వస్తోంది. మోకాలి మీద ఉన్న టాబ్లెట్, జేబులోని ఫోను సొంత బ్యాటరీలతో కదిలే పటం చూపిస్తున్నప్పుడు చేతి రేడియో చిన్న తెర మీది జీపీఎస్ కోసం నూట యాభై డాలర్లు పోయడం నాకు సమంజసంగా తోచదు. మేఘాల్లో ఎగిరేవారు, బయటి యాంటెన్నా జాక్ ఉన్నవారు వేరుగా ఆలోచించవచ్చు.

కాబట్టి నా ఎంపికలు ఇలా ఉంటాయి. అద్దె విమానాల పైలట్లు, విద్యార్థులు పీజే2 తీసుకోవచ్చు, లేదా ఏఏ సెల్స్ అరతో, హెడ్‌సెట్ తీగతో వచ్చే ఎఫ్‌టీఏ-550 తీసుకోవచ్చు. కరెంటు లేని విమానాలకు మాటలకు మాత్రమే పరిమితమైన ఏ25సీ మంచిది. ప్యాక్ పెద్దది, తెర ఎండలో చదవవచ్చు. దానితో పాటు రెండో ప్యాక్, బయట స్థిరంగా బిగించిన పావు తరంగపు యాంటెన్నా కూడా ఖర్చులో కలుపుకోండి. మాగ్నెటో తీగలకు కవచం లేని పాత ఇంజన్ల రొద ఏఎమ్‌లో దారుణంగా వినిపిస్తుంది. ఏ రేడియో కొన్నా అది పోదు, తీగలు మార్చించాలి. నేల మీద వాడేవారికి, వానలో తడిసే బెలూన్ బృందాలకు నీటికి ఓర్చుకునే ఐసీ-ఏ16 చాలు. ఈ జాబితాలోని ధరలు అమెరికాలో దాదాపు రెండు వందల డాలర్ల నుంచి అయిదు వందల పైచిలుకు దాకా ఉన్నాయి. ఐకామ్ ఏ6, ఏ24 వంటి పాతవి చవకగా కనిపిస్తాయి. అవి గట్టి యంత్రాలే గానీ వాటి అసలు ప్యాక్‌లు ఈపాటికి ఊపిరి వదిలి ఉంటాయి, కొత్త ప్యాక్ ధర కలుపుకుంటే చవకతనం కరిగిపోతుంది.

చట్టం గురించి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో దేశీయ ప్రయాణాల్లో విమానం లోపల చేతి రేడియో వాడటానికి విడి లైసెన్సు అక్కరలేదు. సరిహద్దు దాటితే కావాలి, నేల మీద నిలబడి ప్రసారం చేయడానికీ కావాలి. భారతదేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. ప్రసారం చేయగల వైర్‌లెస్ యంత్రాన్ని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే అక్కడ నేరం. ఫీనిక్స్‌లోనో ఫ్లోరిడాలోనో శిక్షణ ముగించుకుని నాదర్‌గుల్‌లోనో బేగంపేటలోనో ఎగరబోయే విద్యార్థులు తమ చేతి రేడియోను సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే కస్టమ్స్ దగ్గర చిక్కుల్లో పడవచ్చు. ప్యానెల్ రేడియోలో మాట్లాడటానికి కూడా పరీక్ష రాసి పొందే ఆర్‌టీఆర్ అనే రేడియో వాడకపు ధ్రువపత్రం ఉండాలి. 2025 జనవరి 1న అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ ఆ పరీక్ష బాధ్యతను టెలికం శాఖ నుంచి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు మార్చింది. వెళ్ళేముందు రేడియోను అమెరికాలోని మిత్రుడికి అమ్మేసి వెళ్ళడమే ఉత్తమం.

వాడకానికి వస్తే, రేడియో మూగబోయిందని అనిపించగానే చేతి రేడియో వైపు చేయి చాపవద్దు. శబ్దం తగ్గించి ఉందా, ప్లగ్గు వదులైందా, ఆడియో ప్యానెల్‌లో మీట మారిందా, మైకు మీట ఇరుక్కుని ప్రసారం ఆగకుండా సాగుతోందా అన్నవి ముందు చూడండి. సగం మూగతనాలు అక్కడే నయమవుతాయి. ఆల్టర్నేటర్ పోయిందని తేలితే మాత్రం ఆలస్యం వద్దు. విమానపు బ్యాటరీ అరగంటకు మించి ఇస్తుందని నమ్మకూడదు. ప్యానెల్ రేడియో బతికి ఉండగానే కంట్రోలర్‌కు పరిస్థితి చెప్పి, కరెంటు తినేవాటిని ఒక్కొక్కటిగా ఆపి, మిగిలిన సంభాషణను చేతి రేడియోకు మార్చండి. అప్పుడు ఫ్లాప్‌లకూ దిగే దీపానికీ కాస్త శక్తి మిగులుతుంది. ఎవరితోనూ మాట కలవకపోతే ట్రాన్స్‌పాండర్ మీద, రేడియో పనిచేయడం లేదని తెలిపే 7600 సంకేత సంఖ్య పెట్టండి. చాలా చేతి రేడియోల మీద 121.5 ఆపద ఫ్రీక్వెన్సీకి విడి మీట ఉంటుంది. అది ఎక్కడుందో చీకట్లో తడిమి కనుక్కోగలగాలి.

రేడియోను డాష్‌బోర్డు మీద దిక్సూచి పక్కన పెట్టకండి. దాని స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, సూది పక్కకు పోతుంది. ఆ సంగతి తెలియక ఒకసారి నేను ఇరవై డిగ్రీలు తప్పుగా వెళ్ళాను. మాటలు చిన్నవిగా ఉండాలి, మైకు పెదవులకు తగిలేంత దగ్గరగా ఉండాలి. ఏఎమ్‌లో మెల్లగా మాట్లాడితే వాహక తరంగం వెళుతుంది గానీ మాట వెళ్ళదు. కంట్రోలర్‌కు మీ మాట వినిపించి, మీకు ఆయన మాట వినిపించని సందర్భాలు కూడా ఉంటాయి కనుక, జవాబు రాకపోయినా మీరు ఎక్కడున్నారో, ఏం చేయబోతున్నారో చెబుతూ ఉండండి. టవర్ ఉన్న చోట దిగాలంటే అప్పుడు టవర్ నుంచి వచ్చే దీపపు సంకేతం కోసం చూడాలి: గాలిలో ఉన్నవారికి నిలకడగా వెలిగే పచ్చ దీపం దిగడానికి అనుమతి, మినుకుమనే పచ్చ వెనక్కి వచ్చి దిగమని, నిలకడైన ఎరుపు ఇతరులకు దారి ఇచ్చి చుట్టూ తిరగమని, మినుకుమనే ఎరుపు దిగడం క్షేమం కాదని. చూశానని చెప్పడానికి పగలు రెక్కలు ఊపాలి.

కొన్న వారంలోనే చేయవలసిన పని ఒకటుంది. రద్దీ లేని ఉదయం, పక్కన బోధకుణ్ణో మరో పైలట్‌నో కూర్చోబెట్టుకుని, ప్యానెల్ రేడియో శబ్దం తగ్గించి, చేతి రేడియోతో అయిదు మైళ్ళ దగ్గర, పది మైళ్ళ దగ్గర, ఇరవై మైళ్ళ దగ్గర రేడియో ఎలా వినిపిస్తోందని టవర్‌ను అడగండి. మర్యాదగా అడిగితే ఖాళీగా ఉన్న కంట్రోలర్లు సంతోషంగా చెబుతారు. ముక్కు టవర్ వైపు ఉన్నప్పుడూ, తోక అటు ఉన్నప్పుడూ విడివిడిగా చూడండి. నా రేడియో వెనుక తెల్ల టేపు మీద రెండు అంకెలు రాసి ఉన్నాయి: లోపలి యాంటెన్నాతో 8 మైళ్ళు, జాక్‌తో 40. వాటి కింద సెల్స్ వేసిన నెల రాసి ఉంటుంది. రేడియో ఇప్పుడు సామాను అరలో లేదు. నా సీటు పక్క సంచీలో, హెడ్‌సెట్ తీగ చుట్టబెట్టి, కుడి చేతికి అందేలా ఉంది.